వెనక సీటు నుంచి స్టీరింగు దాకా

"ఇరవయ్యేళ్ళు ఆ కారులో తిరిగానే గానీ, ముందు అద్దంలోంచి రోడ్డెలా కనపడుతుందో నాకు తెలీదే అమ్మాయ్!" అని మా నాయనమ్మ అమ్మతో అన్నమాట నాకింకా గుర్తు. నవ్వుతూనే అంది. అమ్మ మాత్రం నవ్వలేదు.

నాయనమ్మ అంటున్న ఆ కారు అంబాసిడర్. ఆ మాట అన్నది మారుతి 800 ముందు సీట్లో కూర్చుని. స్టీరింగు దగ్గరున్నది అమ్మ. వెనక నేనూ, తమ్ముడూ. నాకప్పుడు పదకొండేళ్ళు.

మన దేశంలో ఈ రెండు కార్ల గురించి మాట్లాడుకోని మగవాళ్ళుండరు. పెళ్ళిళ్ళలో, రైల్లో, భోజనాల దగ్గర... మైలేజీ ఎంత, ఇంజను ఎంత, ఏది గట్టిది, ఏది తేలిక అని గంటలు గంటలు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. అయితే ఆ లెక్కల్లో ఒకటి ఎప్పుడూ వదిలేస్తారు. ఏ కారులో ఆడవాళ్ళు ఎక్కడ కూర్చున్నారన్నది. ఆ లెక్క మనమే వేసుకోవాలి కదా!

ఇంటి పెద్దలాంటి కారు

అంబాసిడర్ పుట్టిల్లు నిజానికి మన దేశం కాదు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని ఒక కారుండేది. దాని మూడో సిరీస్ నమూనా తెచ్చుకుని, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివర్లో దీన్ని తయారుచెయ్యడం మొదలుపెట్టారు. మార్క్ టూ, మార్క్ త్రీ, మార్క్ ఫోర్, నోవా అంటూ పేర్లు మారాయి. ముందు జాలీ, లైట్లు కాస్త మారాయి. ఆ గుండ్రటి ఆకారం మాత్రం అలాగే ఉండిపోయింది. అమ్మమ్మలు చిన్నప్పుడు చూసిన కారునే మనవరాళ్ళూ చూశారు.

తెనాలిలో మా తాతయ్యది బియ్యం వ్యాపారం. 1977లో మార్క్ త్రీ కొన్నారు. తెల్లది. ఆ రోజుల్లో కారు కొనాలంటే డబ్బుంటే చాలదు, ఓపికా ఉండాలి. లైసెన్సుల కాలం. ఏ కంపెనీ ఎన్ని కార్లు చెయ్యాలో ప్రభుత్వం చెప్పేది. జనం డబ్బు కట్టి ఏళ్ళతరబడి ఎదురుచూసేవారు. పోనీ ఎంచుకుందామన్నా ఏమున్నాయి గనక? అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్... అక్కడితో సరి.

అందుకే కారంటే వస్తువు కాదు, హోదా. కలెక్టరుగారు దిగినా, మంత్రిగారు దిగినా తెల్ల అంబాసిడర్లోంచే. ఊళ్ళో పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళినా బంతిపూల దండలు కట్టిన అంబాసిడర్లోనే. ముందు సీటు కూడా ఈ చివరనుంచి ఆ చివరదాకా సోఫాలాగా ఉండేది. గేరు స్టీరింగుకే అతుక్కుని ఉంటుంది కాబట్టి మధ్యలో అడ్డం లేదు. ముందు ముగ్గురు, వెనక నలుగురు, ఒళ్ళో పిల్లలు. డిక్కీలో పరుపుచుట్టలు, మామిడిపళ్ళ బుట్టలు. తిరపతి వెళ్ళొస్తే ఊరంతటికీ లడ్డూలు అందులోనే పట్టేవి.

ఇంతమంది ఎక్కినా నాయనమ్మ చోటు మారేది కాదు. వెనక సీటు, ఎడం పక్క కిటికీ. ముందు డ్రైవరు, ఆయన పక్కన తాతయ్య. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు అమ్మకి వెనక మధ్యలో చోటు. ఇంజను ముందుండి వెనక చక్రాలు తిరగాలి కనక కారు కిందుగా పొడవాటి ఇనప కడ్డీ ఒకటి పోతుంది. దానికోసం కాళ్ళదగ్గర మిట్టలాగా లేస్తుంది. ఆ మిట్టమీద కాళ్ళు పెట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చోవడం కోడళ్ళకీ పిల్లలకీ రాసిపెట్టి ఉండేది.

ఆడవాళ్ళు అంబాసిడర్ నడపలేదా అంటే, నడిపినవాళ్ళు లేకపోలేదు. అయితే మనలాంటి ఇళ్ళలో ఆ ఊసే వచ్చేది కాదు. మొదటి కారణం ఆచారం. రెండోది ఆ కారు కట్టుబడి. పదకొండు వందల కిలోలకి పైబడిన బరువు. పధ్నాలుగడుగుల పైన పొడవు. నిలబెట్టి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పాలంటే భుజాలు పట్టేసేవి. మొదటి గేరు వెయ్యాలంటే బండి దాదాపు ఆగిపోవాలి. ముందు సీటు జరపాలంటే మొత్తం సీటంతా జరగాలి. అయిదడుగుల మనిషి క్లచ్చి అందుకోవడానికి సీటు ముందుకి లాగితే, పక్కనున్న ఆరడుగుల మనిషి మోకాళ్ళు ముడుచుకోవాలి. ఎవరికోసం ఎవరు ముడుచుకుంటారో మీకు వేరే చెప్పాలా?

మేకుకి తాళం, షెడ్డులో కారు

1996 సంక్రాంతి. భోగికి ముందురోజు. డ్రైవరు పండక్కి వాళ్ళ ఊరు వెళ్ళాడు. నాన్న ఆఫీసు పనిమీద హైదరాబాదులో ఉన్నారు, పొద్దున్నకి రావాలి. అర్ధరాత్రి దాటాక తాతయ్య మంచినీళ్ళకని లేచి పడిపోయారు. మూతి ఒక పక్కకి వంకర తిరిగింది. కుడిచెయ్యి లేవడంలేదు. పక్షవాతం.

నాకు బాగా గుర్తున్నది ఆ గోడమేకు. దానికి కారు తాళం వేళ్ళాడుతోంది. షెడ్డులో కారుంది. అందులో పెట్రోలుంది. డబ్బుంది. గుంటూరుకి రోడ్డుంది. నడిపే మనిషే లేడు. అమ్మ తాళం తీసుకుని షెడ్డుదాకా వెళ్ళింది. తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చుంది కూడా. కాసేపుండి దిగి వచ్చేసింది. పక్కింటి కుర్రాడు సైకిలేసుకుని స్టేషను దగ్గర టాక్సీలవాళ్ళని లేపి, ఒక డ్రైవరుని వెంటబెట్టుకొచ్చేసరికి గంటన్నర.

పక్షవాతం వచ్చినప్పుడు మొదటి నాలుగున్నర గంటలూ బంగారంలాంటివని, రక్తం గడ్డ కరిగించే మందు ఆలోపే పని చేస్తుందని ఇప్పుడు డాక్టర్లు చెపుతున్నారు. ఆ రోజుల్లో గంటన్నర ముందు తీసుకెళ్ళినా పెద్ద తేడా ఉండేది కాదేమో. తాతయ్య బతికారు. మాట ముద్దయిపోయింది, కుడిచెయ్యి చచ్చుబడింది. కానీ ఆ గంటన్నర మాత్రం అమ్మ మనసులోంచి పోలేదు. "ఇంట్లో కారుండి టాక్సీవాడి కోసం ఎదురుచూశాం" అనేది, ఎవరో తప్పు చేసినట్టు కాదు, తనే చేసినట్టు.

చిన్న కారు వచ్చింది

ఇక రెండో కారు సంగతి. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చింది ఒక ఆడమనిషే. అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ. జపాను సుజుకీ కంపెనీతో కలిసి మారుతి ఉద్యోగ్ అనే ప్రభుత్వ సంస్థ గుర్గావ్‌లో దీన్ని తయారుచేసింది. మొదటి ధర 47,500 రూపాయలు. ఇంకా కారు రోడ్డెక్కకముందే పదివేల చొప్పున కట్టి లక్షమందికి పైగా పేర్లు రాయించుకున్నారంటే చూడండి!

అంబాసిడర్ ఇంజను 1489 సీసీ. దీనిది 796. అందులో నాలుగు సిలిండర్లు, ఇందులో మూడు. బరువు ఆరువందల యాభై కిలోల దరిదాపు, అంటే అంబాసిడర్లో సగానికి కాస్త ఎక్కువ. పొడవు పదకొండడుగులు. ఇంజనుని ముందు భాగంలో అడ్డంగా అమర్చి, ముందు చక్రాలే బండిని లాగేట్టు చేశారు. అందుకే వెనకదాకా పోయే ఆ పొడవాటి కడ్డీ అక్కర్లేకపోయింది. బయట చిన్నదైనా లోపల నలుగురికి సరిపడా చోటు మిగిలింది. గేరు కింద, చేతికందే చోట. ముందు సీట్లు రెండూ వేరువేరు. ఎవరి సీటు వాళ్ళు జరుపుకోవచ్చు. ఒకరికోసం ఒకరు ముడుచుకోనక్కర్లేదు.

పవర్ స్టీరింగులాంటి సౌకర్యం మాకొచ్చిన కారులో లేదు. అయినా బండి బరువే తక్కువ కాబట్టి చేతులు నొప్పెట్టేవి కావు. నాలుగున్నర మీటర్లలోపు వ్యాసార్థంలో వెనక్కి తిరిగేస్తుంది. మన సందుల్లో అది చిన్న విషయమా? ఇంజనీర్లు వీటిని మన ఆడవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేశారని నేననను. తక్కువ ఖర్చుకి, తక్కువ పెట్రోలుకి నడిచే కారు కావాలనుకున్నారు, చేశారు. అదే మనకీ కలిసొచ్చింది. కుక్కరూ మిక్సీ వంటింటికి తెచ్చిన మార్పులాంటిదే ఇదీ. వస్తువు వస్తుంది. దాన్ని ఎవరు ముట్టుకోవాలన్నది మనం తేల్చుకోవాలి.

మా నాన్న 1998లో ఆఫీసు లోను పెట్టి మారుతి కొన్నారు. తెల్లదే. "నేను నేర్చుకుంటాను" అంది అమ్మ. అప్పటికి అమ్మకి ముప్ఫయ్యారు. నాన్న కాదనలేదు, ఔననీ అనలేదు. పేపరు చదువుకుంటూ "చూద్దాంలే" అన్నారు. ఈ "చూద్దాంలే" ఎంతదూరం వెళుతుందో ఇల్లాళ్ళకి తెలుసు. అప్పుడు నాయనమ్మ లోపలికెళ్ళి, బియ్యం డబ్బాలో దాచుకున్న డబ్బు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. "ఫీజు నేను కడతాను. రేపణ్ణించే వెళ్ళు" అంది. ఆ రాత్రి షెడ్డులోంచి అమ్మ దిగి రావడం ఆవిడా చూసింది మరి.

తెల్లవారుజామున అయిదింటికి నేర్పేవాళ్ళ కారు వచ్చేది. నేర్పే ఆయన వైపు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. అది తెలిశాక అమ్మకి సగం భయం పోయింది. చెప్పులు విప్పేసి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, హైస్కూలు మైదానంలో గుండ్రాలు తిప్పేది. గేటు దగ్గర టీ తాగుతూ మగవాళ్ళు వినోదం చూసేవాళ్ళు. మొదటిసారి పరీక్షలో వెనక్కి తీస్తూ పోయింది. రెండోసారి గట్టెక్కింది. లైసెన్సు చేతికొచ్చిన రోజు ఇంట్లో పాయసం కాచింది నాయనమ్మ.

మొదటి ప్రయాణానికి నాయనమ్మ అలవాటుకొద్దీ వెనక తలుపు తీసింది. "ముందు కూర్చోండి అత్తయ్యా. మీరు వెనక కూర్చుంటే నేను డ్రైవరునైపోతాను" అంది అమ్మ. అలా కూర్చున్నాకే ఆవిడ నోటినుంచి ఆ రోడ్డు మాట వచ్చింది.

తర్వాత అయిదేళ్ళు, తాతయ్య పోయేదాకా, గుంటూరుకి చేతి వ్యాయామాలకి తీసుకెళ్ళింది అమ్మే. ఇరవయ్యేళ్ళు డ్రైవరు పక్కన దర్జాగా కూర్చున్నాయన కోడలి పక్కన కూర్చోవడానికి మొదట్లో బిగుసుకునేవారు. ఒకరోజు ముందు ఎడ్లబండి అడ్డమొచ్చింది. అమ్మ సందేహిస్తోంది. తాతయ్య ఎడమచెయ్యి ఎత్తి "పో... పోనీ" అన్నారు. అమ్మ పోనిచ్చింది. అమ్మకి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు ఎవరూ ఇవ్వలేదు.

దేని గొప్ప దానిదే

ఇలా రాస్తున్నానని అంబాసిడర్‌ని చిన్నచూపు చూస్తున్నానని అనుకోకండి. ముసలివాళ్ళకి అదే సుఖం. తలుపు పెద్దది, సీటు ఎత్తు. చీరకట్టుకున్నవాళ్ళు ఒళ్ళు వంచకుండా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. మారుతిలోకి తాతయ్యని దించడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది. మోకాళ్ళ నొప్పులతో నాయనమ్మా లేచేటప్పుడు "అమ్మా" అనేది. గుంటల రోడ్డుమీద అంబాసిడర్ పెద్ద చక్రాలు పడవలా తేలిపోయేవి. ఏ పల్లెటూళ్ళోనైనా మెకానిక్ దొరికేవాడు. 2013లో ఇంగ్లండు టీవీ కార్యక్రమం "టాప్ గేర్" పలు దేశాల టాక్సీలకి పోటీ పెడితే అందులో గెలిచింది మన అంబాసిడరే.

ప్రాణరక్షణ విషయానికొస్తే ఈ రెండు కార్ల మీదా భ్రమలొద్దు. ఇనుము మందంగా ఉంటే క్షేమం అనుకునేవాళ్ళం. ఇవాళ్టి లెక్కల్లో రెండూ పాతవే. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019లో. ఈ రెండింటికీ అది లేదు.

హోదా సంగతి కూడా ఒకటి చెప్పాలి. ప్రధానుల అంబాసిడర్లు వాజ్‌పేయిగారి కాలంలో పక్కకి జరిగి, తూటాలు తగలని విదేశీ కార్లు వచ్చాయి. ఆయన తర్వాత ప్రధాని అయిన మన్మోహన్ సింగ్‌గారు ఎన్నికల ప్రమాణపత్రాల్లో తన సొంత కారుగా రాసింది 1996 నాటి మారుతి 800. ఒకప్పుడు పెద్దవాళ్ళ కారు, మధ్యతరగతి కారు అని వేరుగా ఉండేవి. ఆ గీత మెల్లగా చెరిగిపోయింది.

విచిత్రమేమిటంటే రెండూ ఒకే ఏడాది కన్నుమూశాయి. పొగ నియమాలు కఠినం కావడంతో 2010లో హైదరాబాదుతో సహా 13 నగరాల్లో మారుతి 800 అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. మొత్తం పాతిక లక్షలకు పైగా కార్లు. అదే ఏడాది మేలో ఉత్తర్‌పారా కర్మాగారం మూతబడి అంబాసిడర్ కూడా ఆగిపోయింది. మూడేళ్ళ తర్వాత ఆ పేరుని ఫ్రాన్సు కంపెనీ ప్యూజో 80 కోట్లకి కొనుక్కుంది. మా అంబాసిడర్ మాత్రం 1999లోనే ఒక టాక్సీ ఆయన కొనుక్కెళ్ళారు. వీధి మలుపు తిరిగేదాకా నాయనమ్మ గుమ్మంలోనే నిలబడింది.

మరి నా సంగతి?

ఇంత రాస్తున్నదాన్ని, నా సంగతి దాచకూడదు. ఇరవై ఒకటో ఏట అమ్మ మారుతిమీదే నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. పెళ్ళయి హైదరాబాదు వచ్చాను. మొదటి నెలలో ఒకసారి మావారి కారు తీశాను. వెనకనుంచి హారన్లు మోగించారు, కంగారుపడ్డాను. "ఎందుకులే, నేను దింపుతాగా" అన్నారాయన. ప్రేమగానే అన్నారు. అలా పదిహేనేళ్ళు దాటిపోయాయి. నా లైసెన్సు పర్సులో ఫొటో చూపించుకోడానికే పనికొచ్చింది. నాయనమ్మ వెనక సీట్లో కూర్చుంటే నేను పక్క సీట్లో కూర్చున్నాను. పాటలు మార్చడం, ఆయనకి నీళ్ళసీసా అందించడం నా పని. కారు ఎంత మారినా మేకుకి తాళం వేళ్ళాడుతూనే ఉందన్నమాట.

క్రిందటి నెల అమ్మ ఫోను చేసింది. పదిహేనేళ్ళు దాటిన కారుకి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను మళ్ళీ చేయించాలి, బండి బాగుందో లేదో చూపించాలి. మళ్ళీ ఆ గడువొచ్చింది. "అమ్మేద్దామంటున్నారు నాన్న. ఏమంటావే?" అంది. అమ్మకిప్పుడు అరవై నాలుగు. వెన్నునొప్పి వచ్చాక కారు తీయడం తగ్గించింది.

బస్సెక్కి తెనాలి వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే అమ్మ తాళం నా చేతికిచ్చి తను ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చుంది. స్టార్ట్ చేశాను, క్లచ్చి వదిలాను, ఆగిపోయింది. మళ్ళీ. మళ్ళీ ఆగిపోయింది. పాలవాడు సైకిలాపి చూస్తున్నాడు. నాకు చెమటలు. అమ్మ తిట్టలేదు, ధైర్యమూ చెప్పలేదు. "అద్దం సర్దుకోలేదు నువ్వు" అంది. నిజమే. నాన్న ఎత్తుకి ఉందది. సర్దుకున్నాను. నాలుగోసారి బండి కదిలింది.

కారు కొనగలిగినవాళ్ళకే ఈ కబుర్లన్నీ అంటారా? కారే కానక్కర్లేదు, మీ ఇంట్లో ఉన్నది స్కూటీ అయినా మాట ఒకటే. ఇంట్లో బండి ఉంటే దాన్ని నడపడం ఇంట్లో కనీసం ఇద్దరికి రావాలి. ఆ ఇద్దరిలో ఒకరు మీరు కావాలి. పద్ధెనిమిదేళ్ళు నిండితే లెర్నర్ లైసెన్సు తీసుకోవచ్చు. దాని గడువు ఆరు నెలలు. ముప్ఫై రోజులు గడిచాక అసలు పరీక్షకి వెళ్ళొచ్చు. నాలా లైసెన్సు తీసుకుని మానేసినవాళ్ళు ముందు దాని గడువు చూసుకోండి. నేర్పేచోట పదిరోజులు మళ్ళీ చేరండి. సిగ్గుపడకండి. మీవారిదగ్గర నేర్చుకోవడం మాత్రం వద్దు, కాపురంలో గొడవలు.

మారుతిని అమ్మలేదు. రిజిస్ట్రేషనుకి కాయితాలు పెట్టాం. హైదరాబాదు తిరిగొచ్చాక రోజూ పొద్దున్నే, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, అరగంట మావారి కారు తీస్తున్నాను. వచ్చే ఆదివారం యాదగిరిగుట్టకి నేనే నడుపుతానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు.

ఈసారి పాటలు మార్చడం, నీళ్ళసీసా అందించడం ఆయన పని.